ఎర్ర రోడ్డు మీద చిలకపచ్చ

మా సంఘంలో జబ్బు చేసి లేచినవాళ్ళు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పడం రివాజు. నా వంతు వచ్చినప్పుడు పాస్టరు అయ్యగారు నన్ను చర్చి మెట్ల మీదే ఆపి, "ఎస్తేరమ్మా, రెండు ముక్కల్లో చెప్పు తల్లీ, దాని వెంటనే పెళ్ళి ప్రకటనలు ఉన్నాయి" అన్నారు. రెండు ముక్కల్లో చెప్పడం మా వంశంలోనే లేదు. అయినా పెద్దమనిషి మాట కాదనలేక లేచి, "కాలు విరిగింది, అతుక్కుంది, దేవునికి వందనాలు" అని కూర్చున్నాను. వెనక బెంచీలో మా అత్త "అంతేనా?" అని పైకే అంది.

అంతే కాదు. మిగిలిందంతా కడుపులో ఉండిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రోడ్డు మీద పనిచేసేవాళ్ళు ఎవరైనా చదివితే జాగ్రత్త పడతారు. మంచంలో పడుకుని పైకప్పు చూస్తున్నవాళ్ళు ఎవరైనా చదివితే, లేస్తామన్న ధైర్యం తెచ్చుకుంటారు. మా ఇంటి పైకప్పును నేను చూసినంతగా దాన్ని వేసిన మేస్త్రీ కూడా చూసి ఉండడు.

నేను రోడ్డు గ్యాంగులో పనిచేస్తాను. బళ్ళారి నుంచి సండూరు వైపు పోయే రోడ్డులో గుంత పడితే కంకర, తారు కలిపి పూడ్చేది మా గ్యాంగే. పుట్టింది ఎమ్మిగనూరులో, మెట్టింది బళ్ళారిలో. మిషన్ స్కూల్లో ఏడో తరగతి దాకా చదివాను, అందుకే రాయాలంటే చెయ్యి జంకదు. మా ఆయన శామ్యేలు ఇనప ఖనిజం లారీ తోలతాడు. అంటే మా ఇంట్లో ఒకరు గుంత చేస్తారు, ఇంకొకరు పూడుస్తారు. "నేను తోలకపోతే నీకు పనేది?" అని ఆయన, "నేను పూడ్చకపోతే నీకు రోడ్డేది?" అని నేను. పెళ్ళయినప్పటి నుంచి ఈ తగువు నడుస్తూనే ఉంది. మా అత్త దీనమ్మ మధ్యలో కూర్చుని ఎవరు గెలిచేలా ఉంటే వాళ్ళ వైపు మాట్లాడుతుంది.

ఇదంతా గనులు జోరు మీదున్న ఏళ్ళలో జరిగింది. చైనావాళ్ళకు మన మట్టి కావాలట అన్నారు, అంతే, ఊరు ఊరంతా లారీ ఎక్కింది. నిన్నటిదాకా ఎద్దులు తోలినవాడు తెల్లారేసరికి టిప్పరు ఓనరు. లారీ వెనక లారీ, దాని వెనక ఇంకో లారీ. ఇక దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. వేపచెట్లు ఎర్రన, గొర్రెలు ఎర్రన, పెరుగు మీద మీగడ ఎర్రన. పెళ్ళికొడుకులు తప్ప తెల్లచొక్కా తొడిగే ధైర్యం ఎవరికీ లేదు. మా గ్యాంగు ఆడవాళ్ళం పొద్దున రకరకాల చీరల్లో పనికి పోయి, సాయంత్రం అందరం ఒకే రంగు చీరలో ఇంటికి వచ్చేవాళ్ళం.

శ్రమల దినాలు

ఈస్టరుకు ముందు ఉపవాసాల కాలాన్ని మేము శ్రమల దినాలంటాం. ఆ ఏడు మార్చిలోనే ఎండ మాడ్చేస్తోంది. ఆ రోజు చట్టం చెప్పినట్టే అన్నీ పెట్టుకుని పని మొదలుపెట్టాం. కొంచెం ఎగువన 'పని జరుగుతోంది, నిదానంగా పోండి' అని కన్నడంలో బోర్డు. దాని దగ్గర ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని హులిగెమ్మ. హులిగెమ్మ నా జత. ఒకే బాండ్లికి చెరో చెవి పట్టుకుని ఏళ్ళ తరబడి కంకర మోసినవాళ్ళం. ఆమెది కన్నడం, నాది తెలుగు. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు, అందుకే ఎప్పుడూ సరైన పోట్లాట రాలేదు.

నేను వంగి గుంతలో కంకర పోస్తున్నాను. ఒక లారీ ఇంకో లారీని దాటబోయి మా వైపు దూసుకొచ్చింది. హులిగెమ్మ కేక వినపడింది. తల ఎత్తేలోపల లారీ వెనక భాగం నా చేతిలోని బాండ్లికి తగిలింది. బాండ్లితో పాటు నేనూ రోడ్డు పక్క కాలవలో పడ్డాను. ఆ దెబ్బ బాండ్లి తినకపోయుంటే ఈ సంగతులు చెప్పేది నేను కాదు, అయ్యగారు, అదీ సమాధుల దొడ్లో.

నొప్పి వెంటనే తెలియలేదు. ఆకాశం కనపడింది. తారు చల్లారిపోతోందే అనుకున్నాను. తర్వాత కాలు కదపబోయాను. ఆ నొప్పి గురించి ఇంతకంటే రాయను, పడినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, పడనివాళ్ళకు చెప్పినా తెలియదు.

లారీ ఆగింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చి నా తల దగ్గర కూలబడి, "కాణలిల్లమ్మా, దేవరాణె, కాణలిల్ల" అని ఏడుస్తున్నాడు. దేవుడి మీద ఒట్టు, కనపడలేదట. అంత పెద్ద ఎర్రగుడ్డ, దాని వెనక గంపెడుమంది ఆడవాళ్ళు, ఒక్కరూ కనపడలేదట. కళ్ళు ఇంట్లో పెట్టొచ్చినావా అని అడగాలనుకున్నాను గానీ నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం పుట్టినప్పటి నుంచి అదే మొదలు.

పెద్దాసుపత్రిలో తొడ ఎముకకు కడ్డీ వెయ్యాలన్నారు. థియేటరు ముందు వరండాలో స్ట్రెచర్ మీద చాలాసేపు ఉంచారు. ఆ వరండాలో పడుకుంటే మనిషికి అన్నీ చెడ్డ ఆలోచనలే వస్తాయి. కాలు తీసేస్తారేమో, మత్తులోంచి లేవనేమో, నా వెనక మా ఆయన ఇంకో పెళ్ళి చేసుకుంటాడేమో. మా అత్త నా చెయ్యి పట్టుకుని కీర్తన ఎత్తుకుంది. ఆమె గొంతు సంగతి సంఘానికంతా తెలుసు. పక్క స్ట్రెచర్ మీద ఉన్న ముసలాయన వార్డుబాయిని పిలిచి, "నన్ను బిన్నా లోపలికి తీసకపోప్పా" అని తొందరపెట్టి బతిమాలుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కాలు పీకింది, కానీ భయం సగం దిగిపోయింది.

వార్డులో నా పక్క మంచం చాంద్‌బీది. మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. నేను లేవలేను, ఆమె చెయ్యి ఎత్తలేదు. అందుకని ఆమె నడిచి నీళ్ళు తెచ్చేది, నేను ఆమెకు జడ వేసేదాన్ని. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అని నర్సులు ఆట పట్టించేవాళ్ళు. ఆమె కూతురు నసీమా ఇంట్లో మిషను పెట్టుకుని జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. తల్లికి తెచ్చే చాయ్‌లో నాకూ సగం పోసేది. హులిగెమ్మ పని దిగి నేరుగా వచ్చి బొరుగుల ఒగ్గరాణి, మిరపకాయ బజ్జీ పొట్లం దిండు కింద దాచిపెట్టేది. డాక్టరు వచ్చే వేళకు వార్డంతా బజ్జీల వాసన. ఆయన ముక్కు ఎగబీల్చి, ఏమీ అనకుండా పోయేవాడు. ఆ మంచితనాన్ని నేను మర్చిపోలేదు.

కొన్నాళ్ళకు ట్రాఫిక్ హెడ్డు కానిస్టేబులు నా వాంగ్మూలం కోసం వచ్చాడు. పెద్ద మీసాలు, మెత్తని మాట.

"బోర్డు ఉండెనా అమ్మా?"

"ఉండె సార్."

"ఎర్ర జెండా?"

"అదీ ఉండె. హులిగెమ్మ చేతిలో ఉండె."

"ఊపిందా?"

"చెయ్యి పడిపోయేట్ల ఊపింది."

ఆయన తృప్తిగా కలం జేబులో పెట్టుకున్నాడు. "పని జరిగేచోట బండి నిదానించాల, పనోళ్ళకు దూరంగా పోవాల, జెండా చూస్తే ఆపాల. అది డ్రైవరు చూసుకోవాల్సిన చట్టం. మీరు చెయ్యాల్సింది మీరు చేసినారు. చట్టప్రకారం మీ తప్పేమీ లేదు."

"అట్లయితే చట్టప్రకారం నా కాలు విరగలేదా సార్?"

వార్డంతా నవ్వింది. ఆయన కూడా మీసం చాటున నవ్వి, "విరగకూడదమ్మా, అయినా విరిగింది" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. అంతవరకూ అందరూ నాతో "ఏం కాదు, ఏం కాదు" అనే అంటున్నారు.

మా రోడ్డు ఇంజినీరు కూడా వచ్చి చూసి పోయాడు. చెడ్డవాడు కాదు. "నీ చోటు దసరా దాకా పెడతానమ్మా. దసరాకు నువ్వు రోడ్డు మీద నిలబడగలిగితే అది నీదే. లేకుంటే ఇంకొకరిని పెట్టుకోక తప్పదు" అన్నాడు.

దసరాకు చాలా టైముంది, ఎముక దాని పని అది చేసుకుంటుంది అనుకున్నాను. డాక్టరు కూడా అదే చెప్పాడు. కానీ అసలు జబ్బు వేరే చోట పట్టింది. ఆసుపత్రి గోడ అవతల రోడ్డు. లారీ హారను వినపడితే చాలు, ఒళ్ళంతా చెమట, గుండె దడ, చేతులు వణుకు. అంత ఎండలో దుప్పటి నెత్తి మీదికి లాక్కునేదాన్ని. రోడ్డు పని తప్ప ఇంకో పని తెలియనిదాన్ని. లారీ శబ్దానికి భయపడితే ఇక నేను యాడ నిలబడాలి? ఎవరికీ చెప్పలేదు. మా అత్తకు చెబితే కీర్తన ఎత్తుకుంటుంది.

ఈస్టరు దాటాక

ఇంటికి తెచ్చారు. ఎత్తుకుని గడప దాటించేటప్పుడు వీధి వీధంతా సలహాదారులే. "తలకాయ ముందర పెట్టండప్పా", "కాదు, కాళ్ళు ముందర" అని. ఏమీ ముట్టుకోని వాళ్ళే ఎక్కువ అరిచారు. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు.

మా ఆయన అంతకుముందు లారీని మా వీధిలోకి తెచ్చి గుమ్మం ముందు ఆపేవాడు. నేను ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం ఆ లారీ వీధి మలుపు తిరిగిందో లేదో, నేను మంచం మీద ముడుచుకుని చెవులు మూసుకున్నాను. ఆయన లారీ దిగి గుమ్మంలోకి వచ్చి అది చూశాడు. మరుసటి రోజు నుంచి లారీని పెద్దరోడ్డు మీద పెట్రోలు బంకు దగ్గరే వదిలి, నడిచి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఎండలో అంతదూరం నడిచొచ్చి, చెప్పులు విప్పి, ఏమీ జరగనట్టు "సంగటి అయిందా?" అని అడిగేవాడు.

అంత మంచి మనిషితో నేను ఏం చేశాను? పోట్లాడాను. మంచం మీద ఉన్నదానికి ఇంకేం పని. లారీ తోలేవాళ్ళంతా గుడ్డివాళ్ళని, కళ్ళున్నా కావరమని, రోజూ ఏదో ఒకటి. పాపం ఆ డ్రైవరు దొరకడు కాబట్టి దొరికిన డ్రైవరును పట్టుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నా విషయంలో అత్త పక్కనే ఉంది, దుత్త మొగుడయ్యాడు. మా అత్త ఈసారి కొడుకు వైపే చేరి, "నీకు విరిగింది కాలు, నోరు కాదని తెలుస్తానే ఉండాదిలే" అనేది.

జూన్‌లో చేతికర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేశాను. జూలైలో పెరటి దాకా. ఎముక మాట నిలబెట్టుకుంది. వీధిలోకి మాత్రం పోలేదు. "కాలు నొప్పి" అనేదాన్ని. అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

ఆగస్టు

ఆ నెల వానలు మొహం చాటేశాయి. దుమ్ము మళ్ళీ లేచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను. "అంత ఎర్రగుడ్డ కనపడలేదన్నాడంటే, వాడు కండ్లు మూసుకుని తోల్తాండాడు" అన్నాను.

శామ్యేలు కంచంలోంచి చెయ్యి తీశాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆరోజూ పెంచలేదు. "వాడు స్పీడుగా వచ్చినాడు, అది తప్పే. దాటుకోబోయినాడు, అదీ తప్పే. కానీ కనపడలేదన్నది అబద్ధమని నువ్వెట్ల చెప్తావు? ఒక్కసారి నా సీటు పక్కన కూర్చోని చూడు ఎస్తేరూ. ఆ తర్వాత నన్ను ఎన్నైనా తిట్టు."

"నేను లారీ ఎక్కాలనా?" అన్నాను.

"నేనుండా కదా."

"నేనూ వస్తాండా" అంది మా అత్త. "పోతే ముగ్గురం ఒక్కసారే పోదాం."

మరుసటి రోజు ఖాళీ లారీ తెచ్చాడు. నన్ను క్యాబినులోకి ఎక్కించడం ఒక తిరునాళ్ళ అయింది. ఒకరు కింద నుంచి తోస్తారు, ఒకరు పై నుంచి లాగుతారు, నేను మధ్యలో "కడ్డీ, కడ్డీ" అని అరుస్తాను. మా అత్త మాత్రం కోడిపెట్టలాగ ఒక్క ఎగురుతో ఎక్కి కిటికీ సీటు పట్టేసింది. ఇంజను మొదలైంది. మా ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. ఆయన వదిలించుకోలేదు, ఆ చేత్తోనే గేరు మార్చాడు.

ఊరు దాటాం. ముందు లారీల దుమ్ము. అద్దం మీద ఎర్రటి పొర. నిదానంగా పోతున్నాం, మమ్మల్ని దాటుకుపోయేవాళ్ళంతా తిడుతున్నారు. కాసేపటికి ఆయన, "మీ గ్యాంగు ముందర పని చేస్తాంది. చూసి చెప్పు, యాడ ఉండారో" అన్నాడు.

కళ్ళు చిట్లించి చూశాను. ఎర్రటి రోడ్డు. ఎర్రటి గట్టు. ఎర్రటి దుమ్ము. మనుషులు లేరు.

"యాడ?"

"నన్ను అడుగుతావేంది, నువ్వే చూసి చెప్పు."

ఇంకా దగ్గరికి పోయాం. రోడ్డు పక్కన హోటలు ముందు ఎవరో కడిగి బోర్లించిన చిలకపచ్చ ప్లాస్టిక్ బిందె ఒకటి ఎంతో దూరం నుంచే కంట్లో పొడిచినట్టు కనపడింది. మనుషులు మాత్రం లేరు. ఉన్నట్టుండి మట్టి దిబ్బ అనుకున్నది కదిలింది. అది హులిగెమ్మ. ఎర్రబారిన చీర, ఎర్రబారిన మొహం, చేతిలో ఎర్రగుడ్డ, వెనకంతా ఎర్రమట్టి. పాపం చెయ్యి పడిపోయేట్లే ఊపుతోంది. ముందే తెలుసు కాబట్టి మా ఆయన ఆపాడు. తెలియనివాడైతే ఆపేవాడా?

"దేవా" అంది మా అత్త. "బిందె కనపడతాంది, మనిషి కనపడదు."

ఎర్ర జెండా పెట్టమన్న చట్టంలో తప్పు లేదు. ఆ చట్టం రాసినవాళ్ళ ఊళ్ళో రోడ్లు నల్లగా ఉండి ఉంటాయి. మేము ఎర్ర ఊళ్ళో ఎర్రగుడ్డ పట్టుకుని అన్నీ సరిగ్గా చేశామనుకున్నాం. గ్యాంగులో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే మమ్మల్ని మేము ఎప్పుడూ దగ్గర నుంచే చూసుకున్నాం. ఆ డ్రైవరు దూకుడు దూకుడే, దానికి కేసు నడవాల్సిందే. కానీ కాలవ గట్టున కూర్చుని ఏడ్చిన మనిషి అబద్ధం చెప్పలేదని తెలియగానే నా గుండె మీద నుంచి ఏదో బండ దిగిపోయింది. నన్ను చూసి కూడా తొక్కబోయాడనుకోవడం వేరు, చూడలేకపోయాడనుకోవడం వేరు. చూడలేకపోతే చూపించవచ్చు.

అప్పుడే ఆ బిందె రంగు నా బుర్రలో వెలిగింది. ఆ రంగు మా సంఘంలో ఒక చోట బోలెడంత ఉంది. నేను నవ్వడం మొదలుపెట్టాను. మా అత్త భయపడి, నా నుదురు పట్టుకుని చూసింది.

చీరల సంగతి

దీనికి కొంచెం వెనక్కి పోవాలి. మా స్త్రీల సమాజం వార్షికోత్సవానికి ఒక ఏడు అందరం ఒకే రకం చీర కట్టాలని తీర్మానం చేశాం. ఎంచే బాధ్యత సమాజం అధ్యక్షురాలు విమలా టీచరుకు అప్పగించాం. మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, అంతకుముందు ఎమ్మిగనూరులో పనిచేసినప్పుడు నాకు కూడా ఎక్కాలు నేర్పింది ఆమే, ఎదురు చెప్పేది ఎవరు? ఆమె తెచ్చిన చీరల రంగు ఎలా చెప్పాలో తెలియదు. చిలకపచ్చా నిమ్మపండు రంగూ కొట్లాడుకుంటే ఎవరూ గెలవలేదన్నట్టు ఉంటుంది. వార్షికోత్సవం నాడు మేమంతా ఆ చీరల్లో వరుసగా నిలబడి నోరు తెరిచామో లేదో, ముందు బెంచీలో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత ఆ చీర మళ్ళీ కట్టిన ఆడది లేదు. అందరం పెట్టె అడుగున పడేశాం. కలరా ఉండలు కూడా వెయ్యలేదు, పురుగు కొడితే కొట్టనీ అని. పురుగు కూడా ముట్టలేదు.

కర్ర పట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని టీచరు ఇంటికి పోయాను. వీధిలో అడుగు పెట్టానన్న సంగతి ఆ హడావుడిలో నాకే గుర్తులేదు.

"టీచరమ్మా, మన వార్షికోత్సవం చీరలు ఉన్నాయి కదా" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "ఈ ఏడు మళ్ళీ కడదామంటావా ఎస్తేరూ? నేనూ అదే అనుకుంటున్నాను."

"చింపుదామని వచ్చినా."

ఆమె కళ్ళజోడు తీసింది. స్కూల్లో ఆమె కళ్ళజోడు తీస్తే బెత్తం వస్తుందని అర్థం. కాల్లో ఉన్న కడ్డీ కూడా వణికింది. గబగబా లారీ సంగతి, బిందె సంగతి, హులిగెమ్మ కనపడని సంగతి చెప్పేశాను. అందరి చీరలూ ఇస్తే గ్యాంగు ఆడవాళ్ళకు చేతుల్లేని కోట్లు కుట్టించి, చీరల మీద తొడిగిస్తానన్నాను.

టీచరు కొంగుతో కళ్ళజోడు తుడిచింది. చివరికి అడిగింది. "అంటే ఆ రంగు అంత దూరం నుంచి కనపడుతుందంటావు?"

"పక్క జిల్లా నుంచి కనపడతాది టీచరమ్మా."

"నేను అప్పుడే అనుకున్నాను" అంది ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ, "ఇది మామూలు రంగు కాదని."

ఆ తర్వాతి ఆదివారం ప్రకటనల్లో ఆమే లేచి, ఇదంతా తన బుర్రలో పుట్టినట్టే గంభీరంగా చెప్పింది. నాకేం నష్టం, పని కావడం ముఖ్యం. ఆరాధన అయ్యి ఇంటికి పోయినవాళ్ళు పోయినట్టే చీరలు చంకన పెట్టుకుని వెనక్కి వచ్చారు. దేవుని పనికి మా ఆడవాళ్ళు అంత తొందరపడటం నేను ఎప్పుడూ చూడలేదు. మొదటి చీర మా అత్తది.

కుట్టింది చాంద్‌బీ కూతురు నసీమా. కబురు పెడితే తల్లీకూతుళ్ళు ఆటోలో మిషను వేసుకుని చర్చి వరండాలోకే వచ్చేశారు. జీన్స్ కుట్టే చెయ్యి కదా, ప్రతి కుట్టూ రెండుసార్లు. "ఖాలా, ఇది చినగాలంటే లారీ కట్టి లాగాల" అంది, నన్ను పిన్ని వరస పిలుస్తూ. చాంద్‌బీ బాగైన చేత్తో గుండీలు కుట్టింది. టీచరు కొలతలు తీసింది, మా అత్త కీర్తన ఎత్తుకుంది, నసీమా మిషను ఇంకా జోరుగా తొక్కింది. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషంతో ఒళ్ళు పొంగుతుంది. కాలు విరగకపోతే ఇవి ఉండేవి కావు కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. మా అత్తతో అంటే, "ఇంకో కాలు కూడా ఉండాదిలే" అంది.

ఇంజినీరు ఒకటే అడ్డం చెప్పాడు. చట్టం ఎర్ర జెండా అంటుంది, మార్చడానికి లేదన్నాడు. "జెండా ఎర్రదే ఉండనీ సార్. పట్టుకున్న మనిషి పచ్చగా ఉండకూడదని యాడైనా రాసినారా?" అని అడిగాను. ఆయన ఆలోచించి, అట్ల ఎక్కడా లేదన్నాడు. పనికి రెండు వైపులా ఒక్కొక్క మనిషిని పెట్టి, ఒక వైపు లారీలు ఆగాకే ఇంకో వైపువి వదలాలని ఆయనే కొత్తగా ఏర్పాటు చేశాడు. మీసాల హెడ్డు కానిస్టేబులు కూడా వచ్చి రోజూ కాసేపు మలుపులో నిలబడేవాడు. దూకుడుగా వచ్చినవాడిని దింపి, చట్టంలో ఉన్న మాటలే ఆపకుండా చెప్పేవాడట. ఆ ఉపన్యాసం ఒకసారి విన్నవాడు రెండోసారి వినడానికి ఇష్టపడేవాడు కాదని హులిగెమ్మ చెప్పింది.

ఇక నా గుండె సంగతి. క్యాబినులో ఒకసారి పోయి వచ్చినంత మాత్రాన దడ పోలేదు. కానీ మా ఆయన ఒక ఎత్తు వేశాడు. నాతో చెప్పకుండా లారీని వారానికొకసారి కొంచెం దగ్గరికి జరుపుతూ వచ్చాడు. బంకు దగ్గర ఆపేది మసీదు దగ్గరికి, అక్కడి నుంచి రేషన్ షాపు దగ్గరికి. నేను గమనించి ఊరుకున్నాను. దసరా ముందు వారానికి అది ఎదురింటి ముందు ఆగింది. ఎదురింటావిడ వచ్చి తిట్టింది. ఆమె తిట్టే తిట్లలో నాకు హారను వినపడలేదు.

దసరా

ఆయుధపూజ అయిన మర్నాడు పనికి పోయాను. లారీలన్నీ బంతిపూల దండలతో, అరటి పిలకలతో పెళ్ళివారి బండ్లలాగ వస్తున్నాయి. హులిగెమ్మ నాకు కోటు తొడిగి, గుండీలు పెట్టి, "బారక్కా", రా అక్కా అని, నా చేతిలో జెండా కర్ర పెట్టింది. ఇన్నాళ్ళూ నేను లేక ఒంటరిగా బాండ్లి మోసి విసిగిపోయానంది.

దారి మధ్యకు పోవడానికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ కాలు ఈడ్చుకుంటూ వేశాను. అరచేతుల్లో చెమట పట్టి కర్ర జారుతోంది. దూరాన ఇంజను గొంతు వినపడింది. పారిపోదామనుకున్నాను, నిజం చెబుతున్నాను. పారిపోవడానికి కూడా కాలు రాలేదు కాబట్టి నిలబడ్డాను. జెండా ఎత్తాను.

లారీ ఇంకా ఎంతో దూరాన ఉండగానే నిదానించింది. ముక్కుతూ మూలుగుతూ వచ్చి, నాకు మంచి ఎడం ఉంచి ఆగింది. క్లీనరు తల బయట పెట్టి మా అందరినీ ఎగాదిగా చూసి, "ఏనమ్మా, యార మదువె?" అని అడిగాడు. ఎవరి పెళ్ళని.

"నందే" అన్నాను. నాదేనని. రోడ్డు మీద నా గొంతు నాకు వినపడి ఎన్నాళ్ళయిందో. హులిగెమ్మ పడీ పడీ నవ్వింది. దాని వెనక ఇంకో లారీ వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత పని మొదలైంది. పని మొదలైతే నాకు వేరే లోకం ఉండదు. ఇటువైపు ఆపడం, అటువైపు వదలడం, గుంతలో తారు సరిగ్గా పడిందా లేదా అని హులిగెమ్మను గదమడం.

సాయంత్రం ఇంటికి వచ్చి కాలు చాపుకుని గడప మీద కూర్చున్నాను. శామ్యేలు వచ్చి పక్కన కూర్చున్నాడు. లారీ మా గుమ్మం ముందే ఉంది.

"పొద్దున ఎవరెవరిని ఆపినావు?" అని అడిగాడు.

"లారీలను ఆపినా. లోపల ఎవరుండారో చూసేంత తీరిక యాడుంది?"

"నన్ను కూడా ఆపినావు."

"అబద్ధం."

"అమ్మతోడు. ఆ తర్వాత ఇంకో వరస ఆపినావే, దాంట్లో మొదటి బండి నాదే. చెయ్యి ఊపినా, పేరు పెట్టి పిలిచినా. నువ్వు నా బండికి జెండా అడ్డం పెట్టి, అటు తిరిగి హులిగెమ్మతో ఏందో చెప్పి నవ్వుతాండావు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అటు తిరిగి అంటే?" అన్నాను. "ఇంజను పక్కనే ఆడతాంటే నీ లారీకి వీపు పెట్టి నిలబడినానా?"

"శానాసేపు" అన్నాడు.

ఆయన నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకూ అంతే. లోపల నుంచి మా అత్త, "వీపు పెట్టకూడదంట మే, చట్టం ఒప్పుకోదు, రేపట్నుంచి ఇటు తిరిగి నవ్వు" అంది. సరే అత్తా అన్నాను.